ఆంగ్ల వ్యాకరణము – మన గృహిణులు

స్త్రీలకు విద్య యేల యని యడుగువారు నేడు లేరు. మన గోదావరి మండలములలో ఏ కాలువగట్టున నిలిచి చూచినను, ప్రొద్దుటి వేళ పుస్తకముల సంచులతో బడికి బోవు బాలికలు బారులుగా కనబడుదురు. ఇది మనకెల్లరకును సంతోషకారణమే. కాని ఆ బాలికలు సాయంకాలమున ఇల్లు చేరి పుస్తకము విప్పినప్పుడు వారి తల్లులు ఎచ్చట నుందురు? వంటయింట నుందురు. పని యుండియే యుందురు, కాదనము. అయినను పని లేని దినమున సైతము వారు ఆ పుస్తకము చెంతకు రారు. "అది ఇంగ్లీషమ్మా, నాకేమి తెలియును? నాన్నగారి నడుగు" అని దూరముగా నిలిచెదరు. పలకపై చేయి పట్టి అక్షరములు దిద్దించిన తల్లియే, బిడ్డ ఆరవ తరగతికి వచ్చునప్పటికి చదువు చోట అతిథి యగుచున్నది.

ఈ దూరము చిన్నది కాదు. తల్లికి తెలియనిదే గొప్ప విద్య యనియు, తల్లికి తెలిసినది విద్యయే కాదనియు బిడ్డ యెవరును చెప్పకయే గ్రహించును. మన ప్రభుత్వ పాఠశాలలకు 2020వ సంవత్సరము తరువాత వచ్చిన పాఠ్యపుస్తకములలో ఒక పుట తెలుగునను, ఎదుటి పుట ఆంగ్లమునను ముద్రించిరి. బోధన ఏ భాషలో నుండవలెనను వాదము పెద్దలు చేయుచునే యున్నారు. ఆ వాదమున నెవరు గెలిచినను, రేపటి పాఠము రేపే చదువవలసిన బిడ్డ మన యింట నున్నది. ఆ రెండు పుటలలో ఒకటి మనది. మన పుటనుండి ఎదుటి పుటకు వంతెన వేయవలెనే కాని, పుస్తకము మూసి లేచిపోరాదని మా మనవి. ఆ వంతెన మన వ్యాకరణమే.

మేము బడికి బోయి చదివినవారము కాము. మా తండ్రిగారు ఇంటివద్దనే శబ్దమంజరి, అమరము, ఆంధ్ర మహాభారతము, చిన్నయసూరి బాలవ్యాకరణము చెప్పిరి. ఆంగ్లము మాకు పుట్టినింట అబ్బినది కాదు. ఉపాధ్యాయుని యిల్లాలమై కోనసీమకు వచ్చిన పిదప, మా వారి అలమరలో రెన్, మార్టిన్ అను నిరువురు రచించిన లావుపాటి ఆంగ్ల వ్యాకరణము కనబడినది. రెండేండ్లుగా మధ్యాహ్నము భోజనములైన తరువాత, మా వీథి సోదరీమణులు నలుగురితో గూడి ఆ పుస్తకమును మొదటినుండి తిరుగవేయుచున్నాము. ఒకరు ఎనిమిదవ తరగతితో చదువు మానినవారు. ఒకరు పట్టము పొందియు పదునైదేండ్లుగా ఆంగ్లమున పంక్తి వ్రాయనివారు. మా అందరకును తేలిన విషయములే యిందు వ్రాయుచున్నాము.

మొదట ధైర్యమునకై ఒక మాట. మనము వారి వ్యాకరణము నేర్చుటకు నూరేండ్లు ముందే వారు మన వ్యాకరణము నేర్చుకొనిరి. 1814లో శ్రీరాంపురమున విలియం కేరీ తెలుగు భాషకు ఆంగ్లమున వ్యాకరణము ప్రకటించెను. 1816లో చెన్నపట్టణమున క్యాంబెలు దొర మరియొకటి ప్రకటించెను. దానికే ఎల్లిస్ దొర ఒక పీఠిక చేర్చి, తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములతో నొక కుటుంబమున జేరినదనియు నిరూపించెను. మన రాజమహేంద్రవరమున కొంతకాలము ఉద్యోగము చేసిన బ్రౌను దొర 1840లో వ్యాకరణమును, 1852లో నిఘంటువును వెలువరించెను. వీరందరును మన పండితుల చెంత కూర్చుండి, కర్త యేది, కర్మ యేది, విభక్తి యేది యని యడిగి తెలిసికొనినవారే. సంధి, తత్పురుష, బహువ్రీహి యను మన మాటలను నేటికిని పాశ్చాత్య భాషాశాస్త్రజ్ఞులు తమ గ్రంథములలో అట్లే వాడుచున్నారు. మన సామగ్రితో వారు తమ యిల్లు చక్కబెట్టుకొనుచుండగా, ఆ యింటిలో అడుగిడుటకు మనకు భయమేల?

మన ప్రాంతమున స్త్రీ చదువునకు దారి వేసినవారిలో అగ్రగణ్యులు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాల స్థాపించిరి. 1883లో సతీహితబోధిని యను పత్రికను స్త్రీల కొఱకే నడపిరి. అప్పుడు స్త్రీ తెలుగు చదువుటయే సాహసము. నేడు మనకు గావలసిన సాహసము అంతకంటె ఎంతయో చిన్నది.

ఇక విషయమునకు వత్తము. ఆంగ్ల వాక్యమునకును మన వాక్యమునకును గల మొదటి భేదము వరుస. "సీత అన్నము వండెను" అని మనము క్రియను చివర నుంతుము. వారు "సీతా కుక్డ్ రైస్" అని క్రియను నడుమ నుంతురు. మనకు విభక్తి ప్రత్యయము లుండుటచే మాటలు అటునిటు జరిపినను అర్థము చెడదు. "పామును పిల్లి చంపెను" అన్నను, "పిల్లి పామును చంపెను" అన్నను చచ్చినది పామే. ఆంగ్లమున నామమునకు అట్టి ప్రత్యయము లేదు గనుక మాట యుండు చోటే దాని విభక్తి. చోటు మార్చినచో పాముకు మారుగా పిల్లి చచ్చును. ఈ యొక్క విషయము బిడ్డకు నవ్వుచు చెప్పినచో, వాక్యములో మాటలు కుదురుగా పెట్టుట దానంతట వచ్చును.

రెండవది కర్తను చెప్పుట. మనము "వచ్చితిని" అన్నచో అందే "నేను" గలదు. ఆంగ్లమున కర్తను విడిగా చెప్పితీరవలెను. మనము "వాన కురియుచున్నది" అందుము. మనకు వానయే కర్త. వారు "ఇట్ ఈజ్ రైనింగ్" అందురు. ఆ "ఇట్" ఎవరని వెదకి ప్రయోజనము లేదు. పీట ఖాళీగా నుండరాదని కూర్చుండబెట్టిన పేరంటాలు మాత్రమే. అట్లే "నాకు ఆకలి వేయుచున్నది" అని మనమందుము. ఆకలి కర్త, నాకు అనునది షష్ఠి. వారు "ఐ యామ్ హంగ్రీ" అని తామే కర్తలగుదురు. మన పిల్లలు తెలుగు వాక్యమును మాటకు మాటగా ఆంగ్లమున పెట్టబోయి తడబడు చోటిదియే. తల్లి యీ భేదమును తెలుగుననే విప్పిచెప్పగలదు.

మూడవది క్రియకు కడపట చేరు "స్" అను చిన్న ధ్వని. "ఐ గో, యు గో" అని చెప్పి, "షి గోస్" అనవలెను. మా అమ్మాయి ఏడవ తరగతిలో నుండగా దీనిని మాటిమాటికి విడిచి, పుస్తకమున ఎఱ్ఱ సున్నలు చుట్టించుకొని వచ్చెడిది. మాకు చూపక పుస్తకము మూసెడిది. ఒకనాడు మేము దానిని చేర దీసి, "వచ్చితిని, వచ్చితివి, వచ్చెను, వచ్చితిమి, వచ్చితిరి, వచ్చిరి" అని తెలుగు క్రియను చెప్పించితిమి. "మన క్రియకు ఇన్ని నగలు గలవు. ఆంగ్ల క్రియకును పూర్వకాలమున ఇట్టి నగలు కొన్ని యుండెడివి. అన్నియు పోయి వర్తమానమున ఈ యొక్క ముక్కుపుడక మిగిలినది. ఉన్న ఒక్క నగను గూడ నీవు తీసివేయుదువా?" అంటిమి. అది ఫక్కున నవ్వెను. మరునాటినుండి ఆ "స్" మరువలేదనుట అతిశయోక్తి యగును, కాని మరచినప్పుడు తానే "ముక్కుపుడక!" అని దిద్దుకొనుచుండెను. అంతకంటె ముఖ్యమైనది, ఆ పిదప ఏ పాఠమునకైనను "ఇది తెలుగులో ఎట్లుండునమ్మా?" అని మా యొద్దకు వచ్చుట మొదలిడినది.

ఇచ్చట సంస్కృతాంధ్రములు చదివిన సోదరీమణులకు ఒక హెచ్చరిక. మనము "వాడు, ఆమె" అనువానిని ప్రథమ పురుష మందుము. "నేను" ఉత్తమ పురుషము. ఆంగ్లేయుల "ఫస్ట్ పర్సన్" నేను. "థర్డ్ పర్సన్" వాడు, ఆమె. లెక్క తలక్రిందులు. పేరును బట్టి ప్రథమమును ఫస్ట్ అని తర్జుమా చేసినచో బిడ్డ చిక్కున బడును.

నాల్గవది ఉపపదములు. "ఏ", "ది" అను నీ రెండు చిన్న మాటలు మన వారిని పెట్టు బాధ యింతింత కాదు. మనకు అట్టివి లేవని పుస్తకములు చెప్పును. కాని మన అవ్వలు కథ చెప్పు తీరు చూడుడు. "అనగా అనగా ఒక ఊరు. ఆ ఊరిలో ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు." మొదటి మారు పరిచయము చేయునప్పుడు "ఒక", పరిచయమైన పిదప "ఆ". ఆంగ్లమున "ఏ" యనునది మన కథలోని "ఒక". "ది" యనునది మన కథలోని "ఆ". మనము కొన్ని తావుల మాత్రమే వాడుదుము, వారు విడువక వాడుదురు, అంతే భేదము. అచ్చుతో మొదలగు ధ్వనికి ముందు "ఏ" యనునది "యాన్" అగును. రెండచ్చులు ఒకదానిపై నొకటి పడకుండ నడుమ నకారమును దెచ్చుట మన నుగాగమము వంటిదే.

ఐదవది విభక్తులు. "పెట్టెలో, పీటపై, ఇంటివద్ద" అని మనము నామము వెనుక చేర్చుదుము. వారు "ఇన్, ఆన్, ఎట్" అని ముందుంచుదురు. పందిరి ఒకటే, గుంజ ముందు పాతినారా, వెనుక పాతినారా యనుటయే భేదము.

ఇక విరామచిహ్నములు. తాటాకు ప్రతులను చూచినవారికి దెలియును: గంటముతో చెక్కిన అక్షరములు పదమునకు పదమునకు ఎడము లేక, ఏకప్రవాహముగా సాగును. పద్యమునకు గణములు, యతిప్రాసలు గలవు గనుక ఎచ్చట ఆగవలెనో చదువరి చెవి చెప్పును. పద్యాంతమున నిలువు గీత యొకటో రెండో చాలును. కామాయు, ఫుల్‌స్టాపును, ప్రశ్నచిహ్నమును ఆంగ్లేయుల అచ్చుతో మన భాషకు వచ్చినవి. వారికిని ఇవి మొదటినుండి లేవు. క్రీస్తునకు పూర్వము 200వ సంవత్సర ప్రాంతమున, అలెగ్జాండ్రియా గ్రంథాలయమున నుండిన అరిస్టోఫనీస్ అను గ్రీకు పండితుడు చదువరి ఊపిరికై మూడు ఎత్తులలో మూడు చుక్కలు పెట్టెను. కామా యను గ్రీకు మాటకు కోసిన ముక్క యని యర్థము. మొదట అది గుర్తు పేరు కాదు, వాక్యఖండము పేరు. పదునైదవ శతాబ్దాంతమున వెనిస్ నగరపు ముద్రాపకుడు ఆల్డస్ మనూటియస్ సెమికోలనును అచ్చున బ్రవేశపెట్టెను. కావున ఇవి దేవలిఖితములు కావు. చదువువారి సౌకర్యమునకై మనుష్యులు పాతిన మైలురాళ్లు.

వీనిలో ముఖ్యమైన వానిని మన పద్ధతిలో చెప్పుదుము. ఫుల్‌స్టాపు మన సమాపక క్రియ వంటిది. "వండి, వడ్డించి, తిని, గిన్నెలు కడిగి పరుండెను" అని మనము ఎన్ని అసమాపక క్రియల నైనను కూర్చి, చివర నొక్క సమాపకముతో ముగింతుము. ఆంగ్లమున "షి కుక్డ్" అన్నచో అప్పుడే వాక్యము ముగిసినది. "షి కుక్డ్" అని, కామా పెట్టి, "షి స్లెప్ట్" అనుట తగదు. రెండు ముగిసిన వాక్యములను కట్టుటకు కామా యను నూలుపోగు చాలదు. "అండ్" వంటి మాటయైనను గావలెను, సెమికోలనైనను గావలెను, లేదా ఫుల్‌స్టాపు పెట్టి విడదీయవలెను.

కొటేషను గుర్తులు మన "అని" యను మాటయే. "వత్తును అని చెప్పెను" అన్నప్పుడు చెప్పిన మాట ఎచ్చట ముగిసినదో "అని" చూపును. సంస్కృతమున "ఇతి" చూపును. ఆంగ్లమున ఆ పని చేయుటకు మాట లేదు గనుక గుర్తులు పెట్టవలసి వచ్చినది. ఈ విషయమున మన భాషయే కలిగిన ఇల్లు. "రాముడు తాను వత్తునని చెప్పెను", "రాముడు అతడు వచ్చునని చెప్పెను" అన్నచో వచ్చువాడు రాముడో అన్యుడో మనకు స్పష్టము. ఆంగ్లమున రెండింటికిని "హి" యే. ఎవరని మరల అడుగవలసినదే.

ప్రశ్నచిహ్నము "వచ్చెనా" యనుటలోని దీర్ఘము. అపాస్ట్రఫీ యను తోకచుక్కకు రెండు పనులు. "మదర్స్ శారీ" అనునప్పుడు అది షష్ఠీ విభక్తి, అమ్మ యొక్క చీర. రెండవ పని లోపించిన అక్షరమునకు గుర్తు. మనము "రాముడు, అతడు" కలిపి "రాముడతడు" అన్నప్పుడు పోయిన ఉకారమునకు గుర్తు పెట్టము. వారు పోయిన చోట తోకచుక్క పెట్టుదురు. "ఇట్స్" అనుదానిలో ఆ చుక్క యున్నచో "ఇట్ ఈజ్" అనియో "ఇట్ హాజ్" అనియో సంధి విడదీయవలెను. లేనిచో "దాని" యని షష్ఠి. ఆంగ్లేయులే తప్పు చేయు చోటిది.

పెద్దక్షరములు మనకు లేవు. వాక్యారంభమునకును, పేర్లకును వాడవలెనని పిల్లలకు త్వరలోనే అలవడును. ఒక్క వింత మాత్రము చెప్పి నవ్వించుడు: వాక్యమున ఎచ్చట నున్నను "నేను" అను "ఐ" పెద్దక్షరమే, "నీవు" అను "యు" చిన్నక్షరమే. మన పెద్దలు "మీరు" అను మాటకు గౌరవ మిత్తురు. ఆంగ్లము "నేను" అను మాటకు కిరీటము పెట్టును.

ఇంత చిన్న గుర్తులకు ఇంత విచార మేల యనువారు కలరు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున ఓక్‌హర్స్ట్ అను పాల సంస్థ కలదు. దాని బండ్లు తోలువారు అదనపు గంటల వేతనమునకై వ్యాజ్యెము వేసిరి. ఆహారపదార్థములను నిలువచేయుట, రవాణాకై లేక పంపిణీకై మూట కట్టుట మొదలగు పనులు చేయువారికి ఆ వేతనము లేదని అచ్చటి చట్టము. చట్టపు పంక్తిలో "రవాణా" అను మాట తరువాత అప్పుడు కామా లేకుండెను. కావున మూట కట్టుట ఒక్కటే పనియా, లేక పంపిణీ చేయుట వేరొక పనియా? బండ్లు తోలువారు పంపిణీ చేయుదురే కాని మూట కట్టరు. 2017లో న్యాయస్థానము ఆ సందేహమును తోలువారి పక్షమున తీర్చెను. 2018లో సంస్థ 50 లక్షల డాలర్ల కొప్పుకొని రాజీపడెను. మన భాషలోను ఇట్టి సందిగ్ధము లేకపోలేదు. "నిన్న వచ్చిన చెల్లెలి కొడుకు" అన్నచో నిన్న వచ్చినది చెల్లెలా, కొడుకా? "వచ్చిన" తరువాత కామా పెట్టినచో కొడుకే వచ్చినాడు. నోటితో చెప్పునప్పుడు ఆగి చెప్పుదుము. కాగితముపై ఆ ఆగుటకే కామా.

అమెరికా యంత దూరము పోనక్కరలేదు. మన డెల్టా గ్రామములనుండి ఎందరో సోదరీమణులు కువైట్, మస్కట్, దుబాయిలకు ఇంటిపనికై పోవుట మన మెరిగినదే. మా మధ్యాహ్నపు చదువునకు వచ్చువారిలో ఎనిమిదవ తరగతి వరకు చదివిన సోదరి యట్లే పోవలసి వచ్చినది. రొయ్యల చెరువు రెండు పంటలు చెడి, అప్పు పెరిగినది. పంపు మధ్యవర్తి ఒక ఆంగ్లపు ఒడంబడిక యిచ్చి చేవ్రాలు చేయుమనెను. ఆమె చేయక, "ఇది చదువుదము వదినగారూ" అని కాగితము తెచ్చెను. పర్యాయముగా ఒక్కొక్క వాక్యమును కర్త, కర్మ, క్రియ యని విడదీసితిమి.

ఒక వాక్యము "పాస్‌పోర్ట్ విల్ బి కెప్ట్ ఇన్ సేఫ్ కస్టడీ విత్ ది కన్సెంట్ ఆఫ్ ది వర్కర్" అని యుండెను. పనిమనిషి సమ్మతితో పాస్‌పోర్టు భద్రముగా ఉంచబడును. వినుటకు ఎంత చల్లగా నున్నది! "ఇందులో కర్త యెవరు?" అని మేము అడిగితిమి. ఆమె రెండు మారులు చదివి, "లేడు" అనెను. కర్మణి ప్రయోగము మన వ్యాకరణమునను గలదు; కాని మన వాడుకలో అరుదు. మనము "ఎవరు ఉంచెదరు?" అని వెంటనే అడుగుదుము. ఆంగ్లపు కాగితములకు మాత్రము కర్తను తెరవెనుక దాచుట కిది మిక్కిలి అనువైన ప్రయోగము. కువైట్ దేశము 2015లో ఇంటిపనివారికై 68వ సంఖ్యగల చట్టము చేసినది. దినమునకు 12 గంటలకు మించని పని, వారమున కొకదినము విశ్రాంతి, సంవత్సరమునకు 30 దినముల జీతముతో గూడిన సెలవు అందు గలవు. పనివారి సమ్మతి లేక వారి పాస్‌పోర్టును యజమాని ఉంచుకొనరాదనియు గలదు. ఆ సమ్మతియే యీ వాక్యపు చివర నాలుగు మాటలలో అణగియున్నది. చేవ్రాలు చేసినచో సమ్మతించినట్లే.

మరియొక వాక్యము వారమున కొకదినము విశ్రాంతి యని మొదలై, చివర "ఇఫ్ ది ఎంప్లాయర్ పర్మిట్స్" అని ముగిసినది. మన భాషలో "యజమాని అనుమతించినచో" అని షరతు ముందు వచ్చును; వరము వెనుక వచ్చును. ఆంగ్లమున వరము ముందు చూపి, షరతును తోకగా తగిలింపవచ్చును. కావున ఆంగ్ల వాక్యమున ఫుల్‌స్టాపు కనబడువరకు సంతోషింపరాదని మాలో ఒక సామెత పుట్టినది. మూడవ వాక్యము "డిడక్షన్స్ మే బి మేడ్" అని. కోతలు కోయబడవచ్చును. ఎవరు కోయుదురు? ఎంత? ఎందులకు? కడపట "వి అగ్రీ" అని యుండెను. మనకు "మేము" వేరు, "మనము" వేరు. ఎదుటివారిని కలుపుకొనినచో మనము, విడిచినచో మేము. ఆంగ్లమున రెండింటికిని "వి" యే. ఆ "వి" లో తానున్నదో లేదో ఆమెయే విచారించుకొనవలసి వచ్చినది.

ఆమె ఆ ప్రశ్నలు కాగితము వెనుక తెలుగున వ్రాసికొని పోయి మధ్యవర్తి నడిగెను. "అచ్చు కాగితమమ్మా, అందరు నిట్లే చేసినారు" అని అతడు విసుగుకొనెను. ఆమె కదలలేదు. తుదకు కోత విమానపు టికెట్టు వెలకు మించదని చేతితో వ్రాసి యిచ్చెను. పాస్‌పోర్టు వాక్యమును మార్చలేదు. ఆమె అప్పు భారమెరిగినది, చేవ్రాలు చేసెను. కాని చదివి చేసెను. ఒక ప్రతి మా యింట నుంచి పోయెను. వ్యాకరణము ఆమె అప్పు తీర్చలేదు, రొయ్యల చెరువును బాగుచేయలేదు. లోకమున బలవంతులు బలవంతులుగానే యున్నారు. అయినను తానేమి ఇచ్చుచున్నదో, ఏమి పుచ్చుకొనుచున్నదో తెలియక కన్నులు మూసికొని దాటిన సముద్రము వేరు, తెలిసి దాటిన సముద్రము వేరు. నెలకొక మారు ఫోనున మాటలాడినప్పుడు ఆమె మొదట తన బిడ్డల చదువు అడుగును, పిదప "మీరు ఎంతవరకు వచ్చిరి వదినగారూ?" అని మా పుస్తకము నడుగును.

సోదరీమణులారా! ఆంగ్లమున ఉపన్యసింపుడని మేము చెప్పము. దినమున కర్ధగంట చాలును. బిడ్డ పుస్తకములో మొదట తెలుగు పుట చదువుడు. ఒక్క వాక్యము తీసికొని కర్త, కర్మ, క్రియలను గుర్తింపుడు. ఎదుటి పుటలో ఆ మూడును ఎచ్చట కూర్చున్నవో బిడ్డనే చూపుమనుడు. మీకు ఉచ్చారణ రానిచో బిడ్డ చెప్పును. బిడ్డకు కారణము తెలియనిచో మీరు చెప్పుడు. ఇద్దరును గురువులే, ఇద్దరును శిష్యులే. వారమున కొకమారు బ్యాంకు కాగితమో, మందు సీసాపై వ్రాతయో, విద్యుత్తు బిల్లో తెచ్చి, "ఇందు చేయువాడెవడు? ఎవరికి? ఎప్పుడు? ఏ షరతుపై?" అని యడుగుడు. వ్యాకరణమన నింతియే. ఈ ప్రశ్నలు ఏ దేశపు భాషకును పరాయివి కావు. ప్రతిదినము కూరలవాని నడుగు ఇల్లాలికి అసలే క్రొత్తవి కావు.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలన్నారు. ఇంటి భాష యందు స్థిరముగా నిలిచిన తల్లి రచ్చ భాషకు వెఱవదు. ఆమె బిడ్డ ఇంటి భాషను చులకన చేయదు. ఈ రెండు లాభములును ఆ అర్ధగంటలోనే గలవు.